నాగలక్ష్మి గడిలో సంతకం

హిందూపురం బస్సు పెనుకొండలో ఏడుంబావుకు బయలుదేరుతుంది. దాదాపు నెల రోజులుగా రేఖ ఆ బస్సే ఎక్కుతోంది కానీ, కిటికీ పక్కన కూర్చోవడం మాత్రం మానేసింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కాస్త ఒళ్ళున్న ఆడమనిషి ఎక్కడుందో చూసుకుని, ఆమె చాటున ఒదిగిపోతుంది. దొంగసొత్తు మోసుకుపోయేవాళ్ళు కూడా ఇంతకంటే ధీమాగా ప్రయాణం చేస్తారు. ఇంతకూ ఈమె చేస్తున్న నేరం ఏమిటయ్యా అంటే, మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పడం.

రోజూ మొదటి గండం కండక్టరుతోనే. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. తక్కిన ఆడవాళ్ళంతా కార్డు ఎత్తి చూపించి మళ్ళీ కబుర్లలో పడిపోతుంటే, రేఖ ఒక్కతే పర్సు తెరిచి టికెట్టు కొనేది.

"ఏం మేడం, ఈ పొద్దు గూడా మర్సిపోయినారా కార్డు?" అనేవాడు కండక్టరు. "దినామూ మర్సిపోతే ఎట్ల? చెప్పులేసుకునేది మర్సిపోతాండారా?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వేవాళ్ళు. రేఖ కూడా చిల్లర లెక్కపెట్టుకుంటూ నవ్వేది. మర్చిపోవడానికి అసలు ఆమెకు ఆధార్ కార్డంటూ ఉంటే కదా! ఆమె బీరువాలో ఉన్నది మలేసియా పాస్‌పోర్టు.

రేఖ పుట్టిందీ పెరిగిందీ, పదకొండేళ్ళు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పిందీ అంతా మలేసియాలోనే. ఎప్పుడో ముత్తాత విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి పోయాడు. నాలుగు తరాలు దాటినా ఆ ఇంట్లో తెలుగు పోలేదు, ఆ యాసా పోలేదు. భర్త యువరాజ్ ఇంజనీరు. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కంపెనీ అతన్ని రెండేళ్ళకని పంపితే, ఆమె బడికి సెలవు పెట్టి వెంట వచ్చింది. ఆమె వీసా మీద ఒక సంగతి స్పష్టంగా ఉంది. ఇక్కడ ఉండవచ్చు, పని మాత్రం చేయకూడదు.

ఆరు నెలలు బుద్ధిగా ఇంట్లో కూర్చుంది. పొద్దున భర్త పోతే మళ్ళీ దీపాల వేళకు రావడమే. కూరలమ్మే మనిషితో నాలుగు మాటలు, అంతటితో ఆ రోజు సంభాషణ సరి. ముప్పై నలభైమంది పిల్లల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు ఊరకుంటే ఎలా ఉంటుందో టీచర్లకే తెలుస్తుంది. "ఇంకో నెల ఇలాగే ఉంటే కుక్కరు మూతకి గుణింతాలు చెప్పీసేలా ఉన్నాను" అని ఒక రోజు భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు పక్క పోర్షన్లో ఉండే నాగలక్ష్మి వచ్చి చాప మీద కూర్చుంది. ఆమె హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. గర్భసంచి తీసేయాలన్నారట, ఆపరేషనయ్యాక నలభై రోజులు కదలకూడదట. ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. సెలవు కావలసిన టీచరు తన బదులు మనిషిని తానే వెతికి తెచ్చి క్లాసులో నిలబెట్టాలి. తేలేకపోతే హాజరు పట్టీలో ఆమె పేరున్న గడిలో ఇంకొకరి పేరు ఎక్కుతుంది.

"తొమ్మిదేండ్లు చేసినానక్కా ఆడ" అంది నాగలక్ష్మి. "నలపై దినాలు నువ్వు నిలబడితే చాలు. మా కరస్పాండెంటు ఏమీ అడగడు. క్లాసులో మనిషి ఉండల్ల, పిల్లోళ్ళు అరవకుండా ఉండల్ల, అంతే."

"నేను పని చేయకూడదు కదా నాగలక్ష్మీ. నా వీసా అలాంటిది."

"నువ్వు యాడ పని చేస్తాండావక్కా? పేరు నాది, జీతం నాది. నా పనికి నువ్వు రోంత చెయ్యి సాయం చేస్తాండావు. పక్కింటోళ్ళు సాయం చేస్తే గూడా వీసా కావల్నా ఏంది?"

మనసు ముందే ఒప్పేసుకున్నప్పుడు ఏ వాదమైనా గట్టిగానే కనిపిస్తుంది. యువరాజ్ ఒకసారి వద్దన్నాడు. ఆరు నెలల తర్వాత భార్య మొహంలో కనిపించిన వెలుగు చూసి రెండోసారి అనలేకపోయాడు.

స్కూలు కరస్పాండెంటు ధనుంజయ ఆమె మాట్లాడిన రెండు ముక్కలు వినీ వినగానే, "విజయనగరం సైడా మేడం మీది?" అన్నాడు.

"మా తాతలది ఆ సైడేనండి" అంది రేఖ. అబద్ధం కాదు కదా అనుకుంది.

"యాస వింటే జిల్లా చెప్పేస్తా నేను" అని ధనుంజయ తన తెలివికి తానే మురిసిపోయి, అంతటితో ఇంటర్వ్యూ ముగించి హాజరు పట్టీ ముందుకు తోశాడు. "ఈడ, నాగలక్ష్మి గడిలో పెట్టండి సంతకం. ఆమె పెట్టినట్లే పెట్టండి. మధ్యలో ఖాళీ గడులు కనపడితే ఆపీసర్లకు లెక్క చెప్పేకి మాకు తలనొప్పి."

పైన ఉన్న సంతకాలు చూసి అచ్చు అలాగే దించింది. పక్కింటి సాయం, చెయ్యి సాయం అని అంతవరకూ చెప్పుకున్న కబుర్లన్నీ ఆ సంతకంతో ఎగిరిపోయాయి. ఇంకొకరి పేరు తన చేత్తో రాసింది. అదీ పరాయి దేశంలో. భయం ఆ రోజే లోపలికి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేవలేదు.

క్లాసులో మాత్రం భయం గుర్తుండేది కాదు. ముప్పైనాలుగు మంది పిల్లలు. వాళ్ళకు ఆమె యాస పెద్ద వినోదం. ఆమె "ఏటి?" అంటే ముప్పైనాలుగు గొంతులూ "ఏటి?" అనేవి. పాఠం అయ్యాక కథ చెబుతుందని తెలిశాక, పక్క క్లాసుల పిల్లలు కూడా మంచినీళ్ళ వంకతో వచ్చి వరండాలో నిలబడేవాళ్ళు. రేఖ రెండో వారానికల్లా కడుపునిండా అన్నం తినడం మొదలుపెట్టింది.

అంతా బాగుందనుకుంటుండగా వానల పాఠంలో నోరు జారింది. "మా ఊళ్ళో అయితే రోజూ సాయంత్రం వానే" అనేసింది.

"దినామూనా! యా ఊరు మిస్ మీది?" అని వెనక బెంచీవాడు లేచాడు. వానకోసం ఏడాదంతా మొహం పైకెత్తి చూసే సీమ పిల్లలకు రోజూ వాన పడే ఊరంటే ఆశ్చర్యం కాక మరేమిటి? రేఖ ఏదో అని పుస్తకం తిప్పేసింది. కానీ ముందు వరసలో రేష్మ అనే పిల్ల పుస్తకం తిప్పలేదు. రేష్మ వాళ్ళది నంబులపూలకుంట వైపు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి మూడేళ్ళవుతోంది. హిందూపురంలో అవ్వ ఈరక్క దగ్గర ఉండి చదువుకుంటోంది.

ఇంటర్వెల్లో ఆ పిల్ల కుర్చీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మిస్, మీరు విమానం ఎక్కినారా?"

"లేదే! ఎందుకు?"

రేష్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "సరే మిస్. నేను ఎవురికీ చెప్పను" అని వెళ్ళిపోయింది.

చెప్పనన్న మాటకు రేఖకు ముచ్చెమటలు పోశాయి. చెబుతానన్నా అంత భయం వేసేది కాదేమో. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలిసిపోయినది పెద్దవాళ్ళకు తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది? ఆ వారమంతా రేష్మ ఎవరితో గుసగుసలాడినా ఆమె పాఠం ఆపి అటే చూసేది.

ఆ తర్వాత ఆదివారం మరో పిడుగు పడింది. వీసా గడువు పెంచమని యువరాజ్ పెట్టిన దరఖాస్తు విచారణకు స్టేషన్ నుంచి వెంకటేశులు అనే కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. ఇచ్చిన మజ్జిగ తాగాడు, మలేసియాలో మిరపకాయలు కారంగా ఉంటాయా అని అడిగాడు. అన్నీ అడిగి చివరకు ఫారం తీశాడు.

"పిల్లలు?"

"లేరండి."

"మీరేమన్నా పని చేస్తాండారా మేడం ఈడ?"

యువరాజ్ కిటికీలోంచి బయటికి చూశాడు. రేఖ ఖాళీ మజ్జిగ గ్లాసు అందుకుంది. "లేదండి. ఇంట్లోనే ఉంటన్నాను."

వెంకటేశులు రాసుకున్నాడు. "ఇంకొక తూరి వస్తా. ఫైనల్ రిపోర్టు పంపేకి ముందర మీ సంతకం కావల్ల. మాది హిందూపురమే, దినామూ బస్సులో వచ్చి పోతాంటా" అని లేచాడు. ఆ ఆఖరి మాటతోనే రేఖ బస్సులో కిటికీ పక్క సీటుకు శాశ్వతంగా దూరమైంది.

అతను వెళ్ళాక యువరాజ్ తలుపు గడియ పెట్టాడు. "రేఖా, ఇది బయటపడితే మనల్ని పంపించేస్తారు. నా సంగతి వదిలెయ్. ఇంకో దేశంలో అబద్ధం రాసిచ్చి దొరికిపోయిన టీచర్ని మన బడిలో మళ్ళీ చేర్చుకుంటారా? నీ పదకొండేళ్ళ ఉద్యోగం పోతుంది."

రేఖకు రాత్రంతా కాళ్ళు చల్లగానే ఉన్నాయి. పాఠం చెప్పడం తప్ప ఆమెకు ఇంకో పని రాదు. ఇక్కడ చాటుగా చెప్పిన నలభై రోజుల పాఠం వల్ల, అక్కడ జన్మంతా చెప్పాల్సిన పాఠం పోతుందన్నమాట. మానేయాలి, తప్పదు అనుకుంది.

ఆ మాట ఫోనులో చెప్పడానికి నోరు రాక, పై ఆదివారం రైలెక్కి ధర్మవరం పోయింది. నాగలక్ష్మి అక్కడ పుట్టింట్లో ఉంది. ముందు గది మొత్తం మగ్గమే, మనుషులు దాని చుట్టూ మిగిలిన చోట్లో బతుకుతున్నారు. ఆ చోట్లోనే గోడవార పరుపు మీద నాగలక్ష్మి పడుకుని ఉంది. ఆమె తల్లి సుబ్బమ్మ మగ్గం గుంతలోంచి లేచి వచ్చి రేఖ చేతులు రెండూ పట్టుకుంది.

"నువ్వేనామ్మా నా బిడ్డ పని నిలబెట్టింది! ఆ పని పోతే మళ్ళా ఈ గుంతలోనే కూచోవల్ల అది. కుట్లేసిన కడుపుతో కూచునే పనేనామ్మా ఇది? నువ్వు దేవతవమ్మా."

దేవత వచ్చిన పని పక్కన పెట్టి కూర్చుంది. మెల్లగా చెబుదాం, కాఫీ తాగాక చెబుదాం అనుకుంది. ఈలోగా నాగలక్ష్మి బాత్‌రూముకని లేచింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి మొహం తెల్లగా పాలిపోయి, పెదవి కొరుక్కుని అక్కడే నిలబడిపోయింది. రేఖ పరుగున పోయి పట్టుకుంది. "ఇంగ పదైదు దినాలే గదక్కా" అంది నాగలక్ష్మి ఆమె భుజం మీద బరువంతా వేసి. "నువ్వుండావు, నాకు ధైర్నం."

రేఖ చెప్పాల్సిన మాట చెప్పకుండానే సాయంత్రం రైలెక్కింది. సుబ్బమ్మ పెట్టిన పట్టు రవిక గుడ్డ ఒళ్ళో ఉంది. తన భయం చూసుకుంటే ఇవతల ఒక మనిషి మునుగుతుంది. ఆ మనిషిని చూసుకుంటే తను మునుగుతుంది. ధర్మవరం నుంచి పెనుకొండ దాకా ఇదే లెక్క వేసింది, తేలలేదు. పొద్దున మళ్ళీ ఏడుంబావు బస్సే ఎక్కింది.

ఇరవై తొమ్మిదో రోజు గురువారం. రేఖ స్కూలుకు చేరి చేతులు కడుక్కుందామని కొళాయి దగ్గరికి పోయింది. ఇంకా సంతకం పెట్టలేదు. అదొక్కటీ ఆనాటి అదృష్టం. ఆయా చౌడక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మిస్, ఆపీసరొచ్చినాడు! ఎనక గేటు!"

ఆ స్కూల్లో దీనికీ ఒక పద్ధతి ఉంది. తనిఖీకి ఎవరొచ్చినా, పట్టీలో పేరు లేని టీచర్లు వెనక గేటు గుండా పోయి ఎదురింటి వసారాలో కూర్చోవాలి. రేఖ లాంటివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళు అప్పుడే జారుకున్నారు. రేఖ చేతులు తుడుచుకుని వరండా మలుపు తిరిగేసరికి విద్యాశాఖ ఆఫీసరు ఎదురుగానే మెట్లెక్కుతున్నాడు. అతని పక్కన నడుస్తున్న ధనుంజయ ఆమెను చూసి, "తల్లిదండ్రులందరూ ఆ బెంచీ మీద కూచోండమ్మా, సారు వస్తాండారు" అని గట్టిగా అరిచాడు. అరుస్తూ కళ్ళతో ఆమెకు బెంచీ చూపించాడు.

ఆ రోజు తల్లుల ఆధార్ జిరాక్సులు ఇమ్మని కబురు చేశారు. ఆరేడుగురు కాగితాలు పట్టుకుని అక్కడ కూర్చునే ఉన్నారు. రేఖ పోయి చివర్న కూలబడింది. పక్కన గళ్ళ చొక్కా మనిషి సర్దుకుని చోటిచ్చి, ఆమె వైపు తిరిగాడు.

"ఏం మేడం, మీరు ఈడ?"

యూనిఫాం లేకపోయినా గొంతు చాలు. కానిస్టేబుల్ వెంకటేశులు. భార్య ఆధార్ జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కూతురి కోసం వచ్చాడు.

రేఖకు కళ్ళ ముందు వరండా ఒకసారి పక్కకు ఒరిగినట్టయింది. లేచి పోదామంటే ఆఫీసరు ఎదురుగానే ఉన్నాడు. అంతలో అతను బెంచీ దగ్గరికి రానే వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, పిల్లలన్నా పెద్దలన్నా పలకరించకుండా పోలేని రకం. కోపిష్టివాడైనా బాగుండేది, చూడకుండా పోయేవాడు.

"మీ పాప ఏ క్లాసప్పా?" అని వెంకటేశులును అడిగాడు.

"ఐదు సార్. కల్పన."

"మీ పాపమ్మా?"

రేఖకు "మూడు" అని తన గొంతే వినిపించింది.

"పేరు?"

ముప్పైనాలుగు పేర్లు హాజరు వేసే నోరు అది. అన్నీ ఒక్కసారిగా మాయమై ఒక్కటే మిగిలింది. "రేష్మ" అంది.

పక్కన వెంకటేశులు కవరు మడతపెట్టడం ఆపేశాడు.

"పిలిపించండి, ఎట్ల చదువుతుందో చూద్దాం" అన్నాడు ఆఫీసరు ధనుంజయతో. చౌడక్క పోయి పిల్లను తీసుకొచ్చింది. ఆ కాస్త సేపట్లో రేఖ మనసులో అంతా జరిగిపోయింది. పోలీస్ జీపు, సూట్‌కేసులు, విమానాశ్రయంలో భర్త వంచుకున్న తల, తన బడిలో తన కుర్చీలో ఇంకొకరు, ధర్మవరంలో మగ్గం గుంతలో కడుపు పట్టుకుని కూర్చున్న నాగలక్ష్మి. అంతా ఇప్పుడు ఒక చిన్నపిల్ల నోట్లో ఉంది. ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పే వీలూ లేదు.

రేష్మ వచ్చి నిలబడింది. ఆఫీసరును చూసింది, ధనుంజయను చూసింది, బెంచీ మీద తల్లిదండ్రుల మధ్య కూర్చున్న మిస్‌ను చూసింది.

"ఈమె ఎవరమ్మా నీకు?" అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

రేఖ కళ్ళు మూసుకుంది.

"మా అమ్మ సార్."

ఆ మాటతో పాటే వెచ్చగా ఒక చిన్న ఒళ్ళు వచ్చి ఆమె మోకాళ్ళకు ఆనుకుంది. రేష్మ ఆమె కొంగు చివర అందుకుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది, రోజూ అలా నిలబడే పిల్లలాగే.

"ఆధార్ తెచ్చిందా మీ అమ్మ?"

"మర్సిపోయినాది సార్. దానికి మతిమరుపు ఎక్కువ. రేపు మా అవ్వతో పంపిస్తాది."

అందరూ నవ్వారు. ఆఫీసరు అయితే మరీ నవ్వాడు. పాఠ్యపుస్తకం తెప్పించి ఒక పేజీ చదవమన్నాడు. రేష్మ కొంగు వదలకుండానే, ఒక్క చోట కూడా ఆగకుండా చదివింది. తర్వాత ఆఫీసరు క్లాసులోకి పోయి తక్కిన పిల్లల చేత కూడా చదివించి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, ఇరవై నిమిషాలకు బయటికి వచ్చాడు.

"టీచరెవరు ఈ క్లాసుకు?"

"నాగలక్ష్మి మిస్ సార్. ఈ పొద్దు లీవు."

ఆఫీసరు తనిఖీ పుస్తకంలో మూడో తరగతి చదువు బాగుందనీ, నాగలక్ష్మి టీచరును అభినందిస్తున్నాననీ రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ బెంచీ దగ్గర ఆగి, "ఇంట్లో కూడా బాగా చదివిస్తున్నారమ్మా" అని రేఖకు చేతులు జోడించాడు. రేఖ కూడా జోడించింది. చేతులు ఎవరివో అన్నట్టున్నాయి.

జీపు కదిలిన చప్పుడు వినిపించింది. తక్కినవాళ్ళు కాగితాలు ఇచ్చేందుకు ఆఫీసు గదిలోకి పోయారు. వెంకటేశులు పోలేదు.

"పిల్లలు లేరని రాయించినారు గదా మేడం" అన్నాడు నేల చూస్తూ. "పని లేదని గూడా."

ఇక దాచడానికి ఏమీ లేదు. "నేను టీచర్ని సార్. అది తప్ప నాకేటీ రాదు" అంది రేఖ. ఆపరేషను సంగతి, నలభై రోజుల సంగతి, గడిలో సంతకం సంగతి, అన్నీ ఎక్కిళ్ళ మధ్య చెప్పేసింది. అతను అడ్డం రాలేదు. విన్నంతసేపూ ప్లాస్టిక్ కవరును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"మా కల్పన ఇంట్లో చెప్తాంటాది" అన్నాడు చివరకు. "మూడో క్లాసుకు ఒక మిస్ వచ్చినాది, నీళ్ళకని పోయి ఆమె కతలు వింటాండాము అని. అది మీరని నాకేం తెల్సు?" లేచి నిలబడ్డాడు. "రేపు పదకొండు గంటలకు మీ ఇంటికి వస్తా, సంతకానికి. మీరు ఇంట్లో ఉండల్ల. ఎల్లుండి గూడా ఇంట్లోనే ఉండల్ల. ఆ పైన గూడా. నేను ఈడికి జిరాక్స్ ఇచ్చేకి వచ్చినా, ఇచ్చి పోతాండా. అంతే మేడం."

అని గదిలోకి వెళ్ళిపోయాడు.

రేపటి నుంచి రాలేనని చెబితే ధనుంజయ గొడవ పడతాడనుకుంది. అతను తనిఖీ పుస్తకం గుండెకు హత్తుకుని ఉన్నాడు. "పదకొండు దినాలే గదా మేడం, రెండు క్లాసులు కలిపేస్తా. నాగలక్ష్మిని నిదానంగా రమ్మనండి. ఆపీసరు పేరు రాసి పొగిడినాక ఇంగ ఆమెను నేనెట్ల తీసేస్తా?" అన్నాడు. రేఖ ఏ జిల్లా మనిషో అతను అప్పటికీ అడగలేదు.

అంటే అంతా గట్టెక్కినట్టే. నాగలక్ష్మి పని ఉంటుంది, వీసా ఉంటుంది, అక్కడి ఉద్యోగం ఉంటుంది. రేఖ సంచీ తీసుకుని మెట్లు దిగుతుంటే వెనక చిన్న అడుగులు వినిపించాయి.

"నేను బాగా చెప్పినానా మిస్?"

రేఖ మెట్టు మీదే కూర్చుండిపోయింది. "ఎందుకలాగ చెప్పావమ్మా? నీకు ఎవరు చెప్పమన్నారు?"

"ఎవురూ చెప్పలా" అంది రేష్మ. "మీరు ఫారిన్‌లో పని చేస్తాండారు గదా. ఆపీసర్లు అడిగితే నిజం చెప్పగూడదు, పట్టుకపోతారు. నాకు తెల్సు." గొంతు తగ్గించింది. "మా అమ్మ పన్జేసే ఇంట్లో కొట్టినారంట మిస్. పారిపోయొచ్చి ఇంకొకరింట్లో దాక్కోని పన్జేస్తాండాది. కార్డు లేదంట. పోలీసులొస్తాండారని ఫోన్ గూడా చేసేది లేదు. మా అవ్వ ఏడుస్తా ఉంటాది."

రేఖ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నేను ఈడ మీకు చెప్పినా గదా మా అమ్మేనని. ఆడ పోలీసులొస్తే మా అమ్మకు గూడా ఎవురో ఒకరు చెప్తారు గదా మిస్? ఈమె మా మనిషే అని చెప్తారు గదా?"

రేఖకు మలేసియాలో తన బడి కాంటీన్లో అరటిపండు బజ్జీలు వేసే ఇండోనేషియా ఆమె గుర్తొచ్చింది. రెండేళ్ళు రోజూ ఆమె చేతి బజ్జీలు తిన్నది. కాగితాలు లేనివాళ్ళ కోసం అధికారులు వచ్చిన రోజు, ఆమె పరుగున స్టాఫ్ రూములోకి వచ్చి రేఖ కుర్చీ వెనక నిలబడింది. కుర్చీ వీపు పట్టుకున్న ఆమె వేళ్ళు వణకడం రేఖ వీపుకు తెలిసింది. ఈమె ఎవరు టీచర్, మీకు తెలుసా అని అడిగారు. తనకెందుకొచ్చిన గొడవ అనుకుంది రేఖ. తెలీదు అంది. ఆమెను తీసుకుపోతుంటే తలెత్తి చూడను కూడా లేదు. మళ్ళీ ఇంతవరకూ ఆమెను తలచుకోనూ లేదు. పేరేమిటా అని ఇప్పుడు వెతికితే దొరకలేదు.

"చెప్తారు గదా మిస్?" అని రేష్మ మళ్ళీ అడిగింది.

ఈ నెల రోజుల్లో రేఖ చాలా అబద్ధాలు చెప్పింది. కండక్టరుకు, కానిస్టేబుల్‌కు, ఆఫీసరుకు. చెప్పిన ప్రతిసారీ వణికింది. ఇప్పుడు వణక్కూడదని పిల్ల చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్ళలోకి చూసి చెప్పింది.

"చెప్తారమ్మా. తప్పకుండా చెప్తారు."

రేష్మ నమ్మింది. నవ్వి, చెయ్యి విడిపించుకుని, మెట్లెక్కి క్లాసులోకి పరుగెత్తింది.